గేర్ తగ్గించేటప్పుడు బండి జర్క్ ఇవ్వకుండా ఉండాలంటే

హన్మకొండ నుంచి ములుగుకు రోజూ 150 సీసీ బండి మీద పోయే తమ్ముడు అడిగింది ఇది: "నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు తగ్గించి క్లచ్ వదలగానే బండి వెనక్కి పట్టి గుంజినట్టు అవుతుంది. వెనక కూర్చున్నవాళ్ల హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కు కొడుతుంది. పికప్ బాగానే ఉంది, మైలేజీ తగ్గలేదు. మెకానిక్ క్లచ్ ప్లేట్లు మార్చమంటున్నాడు. మార్చాలా?"

ఇప్పుడే మార్చకు తమ్ముడూ. ప్లేట్లు అరిగితే కనిపించే లక్షణం వేరే ఉంటుంది. పై గేర్లో గట్టిగా రేజ్ ఇస్తే ఇంజిన్ సప్పుడు పెరుగుతుంది గాని స్పీడు పెరగదు, ఎత్తు ఎక్కేటప్పుడు అది ఇంకా బాగా తెలుస్తుంది. నీ బండి పికప్ బాగుందంటే ప్లేట్లు పట్టుకుంటున్నాయనే అర్థం. నువ్వు చెప్పే జర్క్ నూటికి తొంభై సార్లు చేతి అలవాటు వల్ల వస్తుంది. మిగతావాటిలో కేబుల్, చైన్, వెనక చక్రం రబ్బర్లు ఉంటాయి, వాటి సంగతి కింద రాస్తాను.

జర్క్ ఎందుకు వస్తుందో ముందు లెక్కతో చూడు. నీ బండి 40 కిలోమీటర్ల స్పీడులో నాలుగో గేర్లో పోతుంటే ఇంజిన్ సుమారు 4000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఉందనుకో. అదే 40లో మూడో గేర్లో పోవాలంటే దాదాపు 5000 కావాలి. ఇప్పుడు మనందరికీ ఉన్న అలవాటు ఏమిటి? ముందు రేజ్ పూర్తిగా వదిలేస్తాం, క్లచ్ చివరిదాకా గుంజుతాం, గేర్ తొక్కుతాం, క్లచ్ వదులుతాం. ఆ మధ్యలో ఇంజిన్ మీద భారం లేక, రేజ్ కూడా లేక ఆర్పీఎం 2000కో ఇంకా కిందికో పడిపోతుంది. క్లచ్ వదిలిన క్షణంలో ఆ ఇంజిన్ ఒక్కసారిగా 5000కు రావాలి. దాన్ని పైకి గుంజేది ఎవరు? వెనక టైరు. రోడ్డు మీద దొర్లుతున్న టైరు చైన్ ద్వారా, క్లచ్ ద్వారా ఇంజిన్‌ను బలవంతంగా తిప్పాలి. ఆ బలం బండి వేగం నుంచే పోతుంది, అదే నీకు జర్క్‌గా తెలుస్తుంది. కదిలే బస్సు ఎక్కేవాడు ముందు బస్సు పక్కన కొంచెం పరుగెత్తి, రెండు వేగాలు కలిశాక కాలు పెడతాడు కదా. ఇంజిన్ కూడా అంతే, క్లచ్ కలవకముందే అది పై ఆర్పీఎంకు చేరుకుని ఉండాలి. మెత్తగా గేర్ తగ్గించడమంటే మొత్తం ఇదే, మిగతాదంతా దీన్ని చేతికి నేర్పడమే.

నీ బండికి ఆర్పీఎం మీటర్ ఉంటే ఒకరోజు ఖాళీ రోడ్డు మీద 30లో, 40లో, 50లో ఒక్కో గేర్‌లో ముల్లు ఎక్కడుందో చూసి గుర్తు పెట్టుకో. పై గేర్ల మధ్య తేడా తక్కువగా, కిందికి వస్తున్నకొద్దీ ఎక్కువగా ఉంటుందని నీకే కనిపిస్తుంది. ఐదు నుంచి నాలుగుకు పెద్దగా తెలియదు, మూడు నుంచి రెండుకు బాగా తెలుస్తుంది, రెండు నుంచి ఒకటికి మాత్రం తేడా అన్నిటికంటే ఎక్కువ. అందుకే బండి మనిషి నడిచే వేగానికి వచ్చేదాకా ఒకటో గేర్ జోలికి పోవద్దు. 20 స్పీడులో ఒకటి వేసి క్లచ్ వదిలితే వెనక టైరు కీచుమని అరిచే బండ్లు ఉన్నాయి.

ఇక చేతి పని. ముందు సులువైన పద్ధతితో మొదలుపెట్టు. మూడో గేర్లో 30 స్పీడులో సాఫీగా పోతున్నావు, చేతిలో కొంచెం రేజ్ ఉంది. ఆ రేజ్‌ను వదలకు, పెంచకు, అలాగే పట్టుకో. రెండు వేళ్లతో క్లచ్‌ను పట్టు తప్పేంత వరకే గుంజి గేర్ తొక్కి, వెంటనే వదిలెయ్. క్లచ్ గుంజిన క్షణంలో భారం పోయింది గాని రేజ్ ఉంది కాబట్టి ఇంజిన్ దానంతట అదే పైకి లేస్తుంది. నీకు కావలసిన ఆర్పీఎం దానికదే వచ్చేస్తుంది. మణికట్టుతో వేరే ఏం చేయాల్సిన పని లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, లారీని దాటడానికి గేర్ తగ్గించేటప్పుడు ఇదే సరైన పద్ధతి. చాలామంది ఓవర్‌టేక్‌కు ముందు రేజ్ పూర్తిగా వదిలి, గేర్ తగ్గించి, మళ్లీ మొదటి నుంచి రేజ్ ఇస్తారు. ఆ రెండు సెకన్లలో లారీ ముందుకు పోతుంది, ఎదురుగా వచ్చే బండి దగ్గరికి వస్తుంది.

రెండోది బ్లిప్. స్పీడు తగ్గించుకుంటూ గేర్ తగ్గించేటప్పుడు చేతిలో రేజ్ ఉండదు కాబట్టి క్లచ్ గుంజి ఉన్న ఆ చిన్న సందులో నువ్వే ఒక దెబ్బ రేజ్ ఇవ్వాలి. దీన్ని ముందు బండి స్టాండ్ మీద, న్యూట్రల్‌లో నేర్చుకో. రేజ్ లేకుండా ఊరికే తిరుగుతూ (ఐడిల్) 1400 దగ్గర ఉన్న ఇంజిన్‌కు మణికట్టు చటుక్కున తిప్పి అంతే చటుక్కున వదిలితే ముల్లు 3500కో 4000కో లేచి పడాలి. తిప్పేది గ్రిప్ చుట్టూ ఒక వేలు మందం. రేజ్ ఇచ్చి పట్టుకోవడం, అంటే "ఊఁ..." అని సాగదీయడం తప్పు. సప్పుడు "వ్రుమ్" అని ఒక్కసారి వచ్చి ఆగాలి. మీటర్ లేని బండికి చెవే మీటర్. మూడో గేర్లో పోతుంటే ఇంజిన్ ఏ స్థాయిలో పాడుతుందో చెవికి పట్టించుకో, బ్లిప్ ఇచ్చినప్పుడు అంతదాకా లేవాలి.

కదిలే బండి మీద వరస ఇలా ఉంటుంది. ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్ మీద ముందే ఉంటాయి, ఎడమ పాదం మునివేళ్లు గేర్ రాడ్ మీద ముందే ఆనించి కొంచెం బరువు పెట్టి ఉంటాయి. క్లచ్ గుంజడం, బ్లిప్ ఇవ్వడం, గేర్ తొక్కడం మూడూ దాదాపు ఒకేసారి జరగాలి, మొత్తం కలిపి అర సెకను. గేర్ "టక్" అని పడిన అనుభూతి పాదానికి రాగానే క్లచ్ వదులు. ఇక్కడే అందరూ తప్పుతారు. బ్లిప్ ఇస్తారు, గేర్ వేస్తారు, కాని క్లచ్‌ను జాగ్రత్త పేరుతో మెల్లగా వదులుతారు. అప్పటికి ముల్లు మళ్లీ కిందికి పడిపోతుంది, ఇచ్చిన బ్లిప్ అంతా వృథా. ఇంజిన్ పైన ఉండగానే క్లచ్ కలవాలి. సరిగ్గా కుదిరితే క్లచ్ వదిలినప్పుడు ఏమీ తెలియదు, సప్పుడు మాత్రం ఒక మెట్టు పైకి మారి ఉంటుంది. ఇంకా వెనక్కి గుంజుతోందంటే బ్లిప్ చాల్లేదు లేదా క్లచ్ ఆలస్యమైంది. ముందుకు తోసినట్టు అనిపిస్తే బ్లిప్ ఎక్కువైంది. ఆ రెండో తప్పు ట్రాఫిక్‌లో ప్రమాదం, ముందు ఆటో వెనకభాగం అడుగు దూరంలో ఉన్నప్పుడు బండి ముందుకు దూకుతుంది. అందుకే మొదట్లో బ్లిప్ కొంచెం తక్కువే ఇవ్వు.

క్లచ్ ఎంతవరకు గుంజాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. లివర్‌ను హ్యాండిల్‌కు తగిలేదాకా గుంజితే వదిలేటప్పుడు కూడా అంత దూరం తిరిగి రావాలి, ఆ సమయంలోనే ఆర్పీఎం పడిపోతుంది. బండి ఒకటో గేర్లో నిలబెట్టి లివర్‌ను మెల్లగా వదిలి చూడు, ఎక్కడ బండి కదలబోతుందో అది పట్టే చోటు. గేర్ తగ్గించేటప్పుడు ఆ చోటు దాటి కొంచెం లోపలికి గుంజితే చాలు.

పాదం గురించి ఒక మాట. గేర్ రాడ్ లోపల రాచెట్ ఉంటుంది, ఒక్క తొక్కుకు ఒక్క గేరే మారుతుంది. రెండోసారి తొక్కాలంటే రాడ్ పూర్తిగా పైకి తిరిగి రావాలి. పాదం దాని మీదే బరువుగా పెట్టి మళ్లీ తొక్కితే అది కదలదు, లేదా సగం కదిలి రెండు గేర్ల మధ్య ఆగుతుంది. దాన్నే ఫాల్స్ న్యూట్రల్ అంటారు. క్లచ్ వదిలితే బండి లాగదు, రేజ్ ఇస్తే ఇంజిన్ ఊరికే అరుస్తుంది. అలా జరిగితే రేజ్ వదిలి, క్లచ్ గుంజి, పై గేర్ ఒకటి వెయ్. కింది గేర్ వెయ్యబోతే ఆ స్పీడుకు మరీ కింది గేర్ పడే అవకాశం ఉంది.

బ్రేక్‌తో కలిపి చేయడం అన్నిటికంటే కష్టం, అందుకే చివర నేర్చుకోవాలి. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు ముందు బ్రేక్ మీద ఒకే ఒత్తిడితో ఉండాలి, అరచేయి, మిగతా వేళ్లు రేజ్ తిప్పాలి. గ్రిప్ తిరిగేటప్పుడు ఆ రెండు వేళ్లు లివర్ మీద జారాలి గాని లివర్‌ను గుంజకూడదు. బ్లిప్ ఇచ్చిన ప్రతిసారీ ముందు ఫోర్కులు దిగి లేస్తున్నాయంటే బ్రేక్ ఒత్తిడి మారుతోందని అర్థం. లివర్ మరీ పైకి ఉంటే ఈ పని కుదరదు. క్లాంప్ బోల్టు వదులు చేసి, సీటు మీద కూర్చుని చేయి చాచినప్పుడు మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉండేలా లివర్‌ను కిందికి తిప్పి బిగించుకో. ఇది చేతికి వచ్చేదాకా రోడ్డు మీద బ్రేక్, బ్లిప్ కలపవద్దు. ముందు బ్రేక్ వేసి స్పీడు తగ్గించు, బ్రేక్ కొంచెం వదిలి బ్లిప్‌తో గేర్ తగ్గించు, మళ్లీ బ్రేక్.

ముందు చక్రానికి డ్రమ్ బ్రేక్ ఉన్న 100, 110 సీసీ బండ్ల వాళ్లకు ఇంత కష్టం అక్కర్లేదు. ఆ బ్రేక్‌కు నాలుగు వేళ్లూ కావాలి, వేళ్లు మిగలవు. ఆ ఇంజిన్లు చిన్నవి, వాటి గుంజుడు కూడా తక్కువ. స్పీడు బాగా తగ్గాక గేర్ వేసి క్లచ్‌ను ఒక సెకను పాటు సాగదీసి వదిలితే చాలు.

స్పీడు తగ్గించే పని బ్రేకులది. గేర్ తగ్గించేది ఆ తగ్గిన స్పీడుకు తగ్గ గేర్‌లో ఉండడానికి. గేర్లతోనే బండి ఆపే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, బ్రేక్ ప్యాడ్లు మిగులుతాయని చెబుతారు. ప్యాడ్లు అరగంటలో మారతాయి. క్లచ్ ప్లేట్లు మార్చాలంటే ఆయిల్ తీసి, ఇంజిన్ పక్క కవర్ విప్పి, గాస్కెట్ కొత్తది వేయాలి. ఏది మిగిల్చుకోవాలో చూసుకో. 150 సీసీ ఐదు గేర్ల బండికి అందాజుగా 45–50 దగ్గర నాలుగు, 35 దగ్గర మూడు, 20–25 దగ్గర రెండు సరిపోతాయి. నయీంనగర్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే క్లచ్ గుంజిపెట్టి వరసగా మూడు గేర్లు తొక్కి ఆగినా తప్పులేదు, మధ్యలో వదలనంత వరకు. కాని బండి కదులుతుండగానే తొక్కాలి. పూర్తిగా ఆగాక పై గేర్లో చిక్కుకుంటే రాడ్ గట్టిగా అయిపోతుంది, ఎందుకంటే గేర్లను కలిపే పళ్లు ఎదురెదురుగా నిలబడిపోతాయి. అప్పుడు కాలితో తన్నకు. బండిని కొంచెం ముందుకూ వెనక్కూ ఊపి తొక్కితే పడుతుంది.

ఇక మన రోడ్ల సంగతి, నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. కార్తీకంలో ఒకసారి, యాసంగి కోతలప్పుడు ఒకసారి ఊళ్ల దగ్గర సగం రోడ్డు వడ్లు ఆరబోసి ఉంటుంది. మక్కలు కూడా. ఆ గింజల మీద టైరుకు పట్టు ఉండదు. పత్తి చేన్ల నుంచి ట్రాక్టర్లు నల్లమట్టి మోసుకొచ్చి రోడ్డు మీద వదిలిన చోట వాన చినుకు పడితే ఇంకా ఘోరం. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి పోయి వెనక చక్రం తేలికవుతుంది. సరిగ్గా అప్పుడే బ్లిప్ లేకుండా రెండో గేర్ వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ గుంజుడుకు వెనక టైరు ఆగి పక్కకు జారుతుంది. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం ఆగి జారకుండా చూసే ఏర్పాటు) ఉంది కదా అనుకోవద్దు. ఏబీఎస్ చేయగలిగేది బ్రేక్ ఒత్తిడిని వదలడమే. చక్రాన్ని పట్టుకున్నది ఇంజిన్ అయినప్పుడు అది వదిలించడానికి ఏమీ ఉండదు. పైగా చాలా 150 సీసీ బండ్లకు ఉన్నది సింగిల్ ఛానెల్, అది ముందు చక్రానికే. వెనక జారినట్టు అనిపించగానే మళ్లీ క్లచ్ గుంజు, చక్రం తిరగడం మొదలవుతుంది, బండి నిటారుగా ఉంటే అదే సర్దుకుంటుంది. వడ్లు కనిపించగానే దూరం నుంచే స్పీడు, గేరు తగ్గించుకుని, వాటి మీద మాత్రం రేజ్ మార్చకుండా, బ్రేక్ ముట్టకుండా దాటాలి. మలుపులకూ ఇదే పద్ధతి. బండి వంచకముందే గేర్ పని అయిపోవాలి.

స్లిప్పర్ క్లచ్ ఉన్న బండ్లు (ఆర్15 వి3, డ్యూక్ 390 లాంటివి) ఈ గుంజుడును కొంత వరకు క్లచ్‌లోనే జార్చేస్తాయి. అది బాగా పనికొచ్చేదే. కాని రెండు గేర్లు ఎక్కువ తగ్గిస్తే ఇంజిన్ ఆర్పీఎం మీటర్ మీది ఎర్రగీత దాటకుండా అది పూర్తిగా కాపాడదు.

ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఇంజిన్ గుంజుడే మనకు కావాలి. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ గాని, ఆసిఫాబాద్, ఉట్నూర్ మధ్య కెరమెరి ఘాట్ గాని ఏ గేర్లో ఎక్కుతావో దాదాపు అదే గేర్లో దిగు. దిగుడు మొదలయ్యే ముందే ఆ గేర్లో ఉండాలి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఉన్నారు. వెనక డ్రమ్ బ్రేక్ మీదే భారం పడి అది వేడెక్కుతుంది, సగం దిగాక పెడల్ తొక్కినా పట్టదు. పెట్రోల్ కూడా మిగలదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేర్లో ఉండి రేజ్ పూర్తిగా మూసి దిగుతున్నప్పుడు అవి పెట్రోల్ సరఫరాను ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఐడిల్ నిలబడడానికి పెట్రోల్ తాగుతూనే ఉంటాయి.

చేతి పని సరిగ్గా చేసినా జర్క్ పోకపోతే ఈ వరసలో చూడు. క్లచ్ లివర్ చివర ఉత్త ఆట ఎంతుందో కొలువు. హీరో, హోండా బండ్లకు 10–20 మిల్లీమీటర్లు, మిగతావాటికి మాన్యువల్ ప్రకారం. ఆట ఎక్కువుంటే లివర్ గుంజినా క్లచ్ పూర్తిగా విడవదు, గేర్ "ఖట్"మని పడుతుంది. ఆట అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంచెం జారుతూ ప్లేట్లు కాలిపోతాయి. తర్వాత చైన్. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే చాలా బండ్లకు 20–30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడు, ఒకచోట బిగుతు, ఒకచోట వదులు ఉంటే చైన్ సెట్ అయిపోయినట్టే. వదులు చైన్ ఉన్న బండికి ఎంత మంచి బ్లిప్ ఇచ్చినా క్లచ్ కలిసినప్పుడు ఒక దెబ్బ తగులుతుంది. ఆ తర్వాత వెనక చక్రం హబ్ రబ్బర్లు. సెంటర్ స్టాండ్ వేసి, గేర్లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఊపు. స్ప్రాకెట్ (చైన్ కూర్చునే పళ్ల చక్రం) కదలకుండా చక్రం ఒక్కటే లొడలొడ ఆడితే రబ్బర్లు నలిగిపోయాయి. ఇవి చవకైనవి, ఎవరూ చూడనివి, నువ్వు చెప్పిన హెల్మెట్ దెబ్బలో సగం వీటివల్ల వచ్చే బండ్లు ఉంటాయి.

ఆయిల్ విషయంలో ఒక్కటే పట్టుదల. మన బండ్ల క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. డబ్బా మీద జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అంటే ఇలాంటి క్లచ్‌కు తగిన ఆయిల్ అని గుర్తు. హీరో, హోండా చిన్న బండ్లకు 10డబ్ల్యూ30, పల్సర్ 150కి 20డబ్ల్యూ50. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే అందులో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి, ప్లేట్లు జారడం మొదలవుతుంది.

కార్బ్యురేటర్ బండి అయితే రేజ్ తిప్పడానికి, ఇంజిన్ లేవడానికి మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. బ్లిప్‌ను గేర్ తొక్కే ముందు కొంచెం తొందరగా ఇవ్వాలి. ఇంట్లో రెండు బండ్లు నడిపేవాళ్లు గేర్ల వరస కూడా చూసుకోవాలి. 150 సీసీ బండ్లకు ఒకటి కిందికి, మిగతావి పైకి, కాబట్టి ముందు తొక్కితే గేర్ తగ్గుతుంది. కొన్ని 100 సీసీ బండ్లకు గేర్లన్నీ ముందుకే, మడమతో తొక్కితే తగ్గుతాయి. ఆ బండి మీద అలవాటు కొద్దీ ముందు తొక్కితే గేర్ పెరుగుతుంది, స్పీడ్ బ్రేకర్ ముందు ఇంజిన్ గుంజక ఆగిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రెండో గేర్ వేశాక అదే న్యూట్రల్‌లోకి జారిపోతుంటే, అది కూడా రేజ్ ఇచ్చినప్పుడు, అప్పుడు లోపల గేర్ పళ్ల మూలలు అరిగాయో, గేర్లను జరిపే ఫోర్క్ వంగిందో చూడాలి. దానికి ఇంజిన్ విప్పాల్సిందే. ఆ పని మాత్రం వాయిదా వేయకు, అరిగిన పళ్ల నుంచి రాలిన ఇనుప పొడి ఆయిల్‌తో కలిసి ఇంజిన్ అంతా తిరుగుతుంది.